ఆది జాకెట్టు

పోయిన ఆషాఢంలో ఒకామె పెళ్ళి కుదిరిన కూతుర్ని వెంటబెట్టుకుని మా షాపుకొచ్చింది. తగ్గింపుల్లో కొన్న పట్టుచీరలు నాలుగు, వాటి జాకెట్టు ముక్కలు, మగ్గం వర్కు కోసం ఫోన్లో దాచుకున్న ఫొటోలు ఓ ముప్పై. ముహూర్తం శ్రావణంలో. కొలతలు తీశాను. చాతి 36, నడుము 31. పుస్తకంలో రాయబోతుంటే ఆమె నా పెన్ను పట్టేసుకుంది.

“అట్టా రాయొద్దక్కా. చాతి 34 రాయి, నడుము 28 రాయి. ఇంకా నెలన్నర ఉండాది, తగ్గుద్ది.”

“తగ్గకపోతే?”

“జాకెట్టు చిన్నదని భయం ఉంటే అదే తగ్గుద్ది. లేదంటే తింటానే ఉంటది.”

పిల్ల అద్దం ముందు నిలబడి జడ సర్దుకుంటా ఉంది, మేం మాట్లాడేది పక్కింటివాళ్ళ గురించి అన్నట్టు. వెనకాల ఇంటర్ చదివే చెల్లెలు ఫోన్లో తల పెట్టుకుని కూర్చుంది. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

ఇట్లా లేని ఒంటికి జాకెట్టు కుట్టమని అడగటం నాకు కొత్త కాదు. ఈ నాలుగైదేళ్ళలో బాగా ఎక్కువైంది. మునుపైతే “సరేనమ్మా” అనేదాన్ని. లోపల గుడ్డ వదిలి కుట్టేసి, తగ్గకపోతే విప్పుకోవచ్చులే అనుకునేదాన్ని. ఈసారి చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ఇంకో పిల్ల సంగతి చెప్పాలి. దానికన్నా ముందు కొంచెం నా సంగతి.

మా నాన్న పాటూరులో మగ్గం నేసేవాడు. కోవూరు పక్కన, తెలిసినవాళ్ళకి తెలుసు. ఆయన నేసిన చీరకి సైజు లేదు. నలభై కిలోల పిల్ల కట్టినా అదే చీర, తొంభై కిలోల పెద్దామె కట్టినా అదే చీర. కుచ్చిళ్ళు రెండు ఎక్కువో తక్కువో, అంతే. కొలత గొడవంతా జాకెట్టుతో మొదలవుతుంది, అంటే నా పనితో. 1996లో నెల్లూరు చిన్నబజారు పక్క సందులో ఒక మిషనుతో కూర్చున్నాను. ఇప్పుడు మిషన్లు నాలుగు, నాతో కలిపి మనుషులం ఐదుగురం. కొలతల పుస్తకాలు మాత్రం లెక్కలేదు. ఒక్కటి కూడా పారెయ్యలేదు. మా అమ్మాయి వాటిని “నీ ఆర్కైవ్స్” అని వెక్కిరిస్తుంది. ఈ బ్లాగు పెట్టిచ్చింది కూడా తనే. ఫోన్లో నేను మాట చెబితే అది టైపు చేసుకుంటుంది, తప్పులుంటే సగం దానివి.

నేను సూది పట్టిన కొత్తల్లో గొడవ తిరగేసి ఉండేది. పెళ్ళిచూపులకి ముందు తల్లులు చెవిలో చెప్పేవాళ్ళు, “కాస్త ఒళ్ళు చేసినట్టు కనపడేటట్టు కుట్టమ్మా” అని. జాకెట్టుకి రెండు వరసల లైనింగు వేసేదాన్ని, చేతులకి బుట్ట పెట్టేదాన్ని. లంగా మీద ఇంకో లంగా వేసుకుని చీర కట్టేవాళ్ళు. నన్నూ అప్పట్లో చీపురుపుల్ల అనేవాళ్ళు. మా జేజి రోజూ మీగడ పెరుగు కలిపి మొలగొలుకుల అన్నం ముద్దలు పెడతా, “గాలొస్తే మైపాడు సముద్రంలో పడతావే” అనేది. ఒక సంబంధం వాళ్ళు “పిల్ల మరీ బక్కగా ఉండాది” అని లేచి వెళ్ళిపోయారు. వాళ్ళు తినిపోయిన మైసూరుపాకు లెక్క మా అమ్మ చానాళ్ళు చెప్పుకుంది.

కాబట్టి పాతకాలం బాగుండేదని నేను అనను. ఆడపిల్లని నిలబెట్టి కొలవటం అప్పుడూ ఉంది. కొలత మారింది. 2008లో కరీనా కపూర్ పుణ్యమా అని “సైజ్ జీరో” అనే మాట మా సందు దాకా వచ్చింది. కాలేజీ పిల్లలు వచ్చి, “ఆంటీ, జీరో సైజుకి కుట్టండి” అనేవాళ్ళు. అది అమెరికా రెడీమేడ్ బట్టల అంకె అని నాకప్పుడు తెలీదు. మా కటింగ్ మాస్టరు, “జీరో అంటే కొలత లేకుండా పోవటమా అక్కా” అన్నాడు. అందరం నవ్వాం.

ఇక ఆ పిల్ల సంగతి. పేరు రాయను, ఊరూ రాయను. మా కస్టమరు కూతురు. కరోనా తర్వాత వ్యాపారం పడిపోతే మా అమ్మాయి ఇన్‌స్టాలో మాకో పేజీ పెట్టింది. చీరలతో కుర్తీలు, లంగావోణీలు కుట్టి కొరియర్లో పంపటం మొదలుపెట్టాం. ఫొటోలకి మనిషి కావాలి. ఈ పిల్ల డిగ్రీ రెండో ఏడు, అయిదడుగుల ఆరంగుళాలు, చామనఛాయ, కళ్ళు నవ్వుతాయి. ఒక్కో షూటుకి 1500 రూపాయలు, ఒక డ్రెస్సు. అంతే మా ఒప్పందం.

2022 దసరాకి తీసిన కొలత నా పుస్తకంలో ఉంది: చాతి 33, నడుము 27½, సీటు (తుంటి చుట్టూ) 36. ఆ ఎత్తుకి అది సన్నమే. కానీ ఫొటోలు తీసే అబ్బాయి మొదటిరోజే అన్నాడు, “కెమెరాలో ఐదు కిలోలు ఎక్కువ కనపడతావు, నడుం దగ్గర కొంచెం చూసుకోమ్మా” అని. చెడ్డవాడు కాదు. వాళ్ళ పనిలో అది “తల కాస్త ఎత్తు” అన్నట్టే ఒక మాట. తర్వాత ఏదో పెద్ద షాపు వాళ్ళు కేటలాగు కోసం మోడల్స్ కావాలంటే విజయవాడ వెళ్ళి వచ్చింది. వాళ్ళు ఒక లెహంగా ఇచ్చి వేసుకోమన్నారట. జిప్పు సగం దాకా ఎక్కి ఆగిపోయింది. “తగ్గి రా, చూద్దాం” అన్నారట.

తగ్గింది. 2023 సంక్రాంతికి నడుము 26. ఉగాది దాటాక 24½. అదే ఏడు దసరాకి 23.

మా షాపులో అప్పటిదాకా కొలత తీసేదాన్ని నేను, రాసేది కౌంటరు దగ్గరి పిల్ల. నేను అంకెలు గట్టిగా అరిచేదాన్ని. “నడుము ఇరవై నాలుగున్నర!” అని నేను అరిస్తే షాపులో ఉన్న ఆడవాళ్ళంతా తిరిగి చూసేవాళ్ళు. “మెయింటెయిన్ అంటే అట్టా చేయాల” అనేది ఒకామె. ఇంకొకామె, “ఏం తింటావు మే” అని అడిగేది. ఆ పిల్ల మొహం చూడాలి, ఫస్టు క్లాసు వచ్చినట్టు వెలిగిపోయేది. నేనూ తక్కువ తినలేదు. దాని మీద ఏ బట్ట వేసినా హ్యాంగరుకి తగిలించినట్టు దిగేది, ఎక్కడా ముడత లేదు, లాగుడు లేదు. కుట్టేవాళ్ళకి అంతకన్నా సుఖం లేదు. “నువ్వేం వేసినా పడుద్దమ్మే” అని పదిసార్లు అని ఉంటాను. ఆర్డర్లు కూడా బాగా వస్తున్నాయి. లూజయిన ప్రతి కుర్తీనీ నా చేత్తోనే పట్టించాను. ఏడాదిలో నాలుగున్నర అంగుళాలు పట్టించినదాన్ని, ఎందుకు తగ్గిపోతున్నావని ఒక్కసారి అడగలేదు.

కనపడలేదా అంటే, కనపడింది. రోహిణి కార్తె ఎండల్లో నెల్లూరంతా ఉడికిపోతుంటే ఆ పిల్ల ఫుల్ హ్యాండ్స్ కుట్టమంది. ట్రయల్ రూములో ఏసీ ఆపమంది, చలేస్తుందట. చేతులు కొలుస్తుంటే పసిపిల్లలకి ఉన్నట్టు మెత్తటి నూగు. చాతి దగ్గర ప్యాడ్లు పెట్టమంది. టేపు ఒంటి మీద జారకుండా ఎముకల దగ్గర ఆగేది. వచ్చినప్పుడల్లా మా కుట్టేవాళ్ళకి మలై కాజాలు తెచ్చేది. ఒక్కొక్కరి చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. తను మాత్రం “ఇప్పుడే తిన్నానాంటీ” అనేది. మేము ఎంత మంచి పిల్లో అనుకున్నాం.

2024 ఫిబ్రవరిలో మైపాడు బీచిలో షూటు. తెల్లారి ఆరింటికి మొదలుపెట్టాం. మూడో డ్రెస్సు జరీ లంగావోణీ, బరువుగానే ఉంటుంది. అలల దగ్గర రెండడుగులు వేసి కూర్చుంది. కూర్చుందనే అనుకున్నాం, ఫొటో అబ్బాయి క్లిక్కులు కొడుతూనే ఉన్నాడు. తర్వాత పక్కకి ఒరిగిపోయింది. మొహం మీద నీళ్ళు చల్లి, పక్క బండి దగ్గర సోడా తెచ్చి నోటి దగ్గర పెట్టాను. కళ్ళు తెరిచి ఆ పిల్ల అన్న మొదటి మాట, “అందులో చక్కెర ఉంటదాంటీ, వద్దు.”

ఆటోలో నెల్లూరు పొగతోటలో ఆసుపత్రికి తీసుకొచ్చాం. నాడి నిమిషానికి 42. రక్తంలో పొటాషియం బాగా పడిపోయింది. నెలసరి ఆగి ఏడు నెలలైందట, తల్లికి కూడా చెప్పలేదు. బరువు 42 కిలోలు. డాక్టరమ్మ అక్కడే లెక్క వేసి చూపించింది, బరువుని ఎత్తుతో రెండుసార్లు భాగించాలి, ఎత్తు మీటర్లలో. 42ని 1.68తో, మళ్ళీ 1.68తో. 14.9 వచ్చింది. పెద్దవాళ్ళకి 18.5 కన్నా తక్కువైతే బరువు చాలనట్టు.

“గుండె కూడా కండే కదమ్మా,” అందామె. “తిండి లేకపోతే ఒళ్ళు తన కండనే తింటుంది. తొడ కండ, చేతి కండ అని ఆగదు. పొటాషియం ఇంకా పడిపోతే గుండె లయ తప్పుతుంది, నిద్రలోనే ప్రాణం పోవచ్చు.” నాకు కాళ్ళు వణికాయి. ఆ 42 కిలోల్లో నా వాటా ఎంత?

మర్నాడు మామిడికాయ వేసి కొరమేను పులుసు చేసి, అన్నం క్యారియరు కట్టుకుని వెళ్ళాను. నాకు తెలిసిన వైద్యం అదే. నర్సు గుమ్మం దగ్గరే ఆపేసింది. అన్నాళ్ళు మాడిన ఒంటికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టినా ప్రమాదమేనట. పిండిపదార్థం ఒంట్లోకి ఒక్కసారిగా పోయేసరికి రక్తంలో ఫాస్ఫరస్ హఠాత్తుగా పడిపోతుంది, గుండె, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అందుకని రోజూ రక్తం చూసుకుంటూ కొంచెం కొంచెం పెంచుతారు. తిండి మానటం ఎంత తేలికో, మళ్ళీ మొదలుపెట్టటం అంత తేలిక కాదని నాకు యాభయ్యేళ్ళు దాటాక తెలిసింది. ఆ పులుసు వార్డు బయట కూర్చున్న వాళ్ళ నాన్న, నేను తిన్నాం. పాపం, ఆయన రెండ్రోజులుగా టీతో ఉన్నాడు.

జబ్బు పేరు అనోరెక్సియా, లావైపోతానన్న భయంతో తిండి మానేసే జబ్బు. మానసిక డాక్టరుకి కూడా చూపించాలి అనగానే తల్లి గయ్యిమంది. “మా పిల్లకి పిచ్చేంది? కాస్త డైటింగ్ ఎక్కువ చేసింది, అంతే కదా.” మానసిక జబ్బుల్లో ప్రాణాలు ఎక్కువగా తీసేవాటిలో ఇది ఒకటని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. కాగితం మీద 14416 అని నంబరు రాసిచ్చింది. టెలి మానస్ అని ప్రభుత్వం పెట్టింది, తెలుగులో మాట్లాడతారు. ఆ కాగితం తల్లి తీసుకోలేదు. తండ్రి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఫోను చేసింది కూడా ఆయనే.

ఆ రాత్రి మా అమ్మాయికి ఫోను చేశాను. తను ఫ్యాషన్ డిజైన్ చదివి బెంగుళూరులో ఒక ఎక్స్‌పోర్టు కంపెనీలో ప్యాటర్న్‌లు గీస్తుంది. ఇట్లాంటిది ఎక్కడన్నా విన్నావా అంటే, “అమ్మా, మాకు కాలేజీలో మొదటి ఏడాదే చెప్పారు” అంది. అప్పుడు చెప్పింది.

2006 ఆగస్టులో ఉరుగ్వే దేశంలో లూయిసెల్ రామోస్ అనే 22 ఏళ్ళ మోడల్ ర్యాంపు మీద నడిచి దిగుతూనే గుండె ఆగి చనిపోయింది. అదే ఏడు నవంబరులో బ్రెజిల్లో అనా కరోలినా రెస్టన్, 21 ఏళ్ళు. చనిపోయేనాటికి 40 కిలోలు. 2007 ఫిబ్రవరిలో లూయిసెల్ చెల్లెలు ఎలియానా కూడా పోయింది. ఆమె కూడా మోడలే, 18 ఏళ్ళు. ఒకే ఇంట్లో ఇద్దరు. ఆ తల్లి గురించి ఆలోచిస్తే నాకు నిద్ర పట్టలేదు.

“మరి ఎవరూ ఏం చెయ్యలేదా?” అన్నాను.

చేశారు. లూయిసెల్ పోయిన మరుసటి నెల మాడ్రిడ్ ఫ్యాషన్ వీక్ వాళ్ళు, ఇందాక డాక్టరమ్మ వేసిన లెక్కలో 18 కన్నా తక్కువ ఉన్న మోడల్స్‌ని ర్యాంపు ఎక్కనివ్వలేదు. ఇజ్రాయెల్ 2012లో చట్టం చేసింది, 18.5 ఉండాల్సిందే, ఫొటోలో మనిషిని సన్నం చేస్తే ఆ సంగతి ప్రకటనలో రాయాల్సిందే. ఫ్రాన్సులో 2017 నుంచి మోడల్ ఆరోగ్యంగా ఉందని డాక్టరు సర్టిఫికెట్ కావాలి. అది లేకుండా పనిలో పెట్టుకుంటే 75,000 యూరోల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. మా పేజీకి ఆ చట్టం ఉండి ఉంటే నేను జైలుకి పోయేదాన్ని. నవ్వులాటకి అనటం లేదు.

“అసలు అంత సన్నటివాళ్ళే ఎందుకు కావాలంటారే?” అని అడిగాను. మా అమ్మాయి చెప్పిన జవాబు నా పనికి సంబంధించింది కాబట్టి నాకు వెంటనే అర్థమైంది.

ఆది జాకెట్టు మీ అందరికీ తెలిసిందే. సరిగ్గా సరిపోయిన పాత జాకెట్టు ఒకటి తెచ్చి మాకిస్తారు, దాన్ని చూసి కొత్తది కుడతాం. ఆది అంటే ఆ మనిషి ఒళ్ళే. మనిషి ముందు, బట్ట తర్వాత. పెద్ద కంపెనీల్లో దీనికి తిరగేసి ఉంటుంది. ఒక డిజైనుకి ముందు ఒకే ఒక్క పీసు కుడతారు, శాంపిల్ అంటారు. ర్యాంపు మీద చూపించేది అదే, పత్రికల వాళ్ళకి ఫొటోలకి పంపించేదీ అదే. మోడల్ ఎవరో తేలకముందే అది కుట్టి పెట్టి ఉంటుంది. ర్యాంపు శాంపిల్‌కి సీటు 34, 35 అంగుళాలు, మనిషి ఎత్తు మాత్రం అయిదడుగుల తొమ్మిది పైన. వచ్చిన పిల్ల అందులో పట్టాలి. పట్టకపోతే బట్టని విప్పరు, ఇంకో పిల్లని పిలుస్తారు.

అంటే వాళ్ళకి ఆది బట్ట. మనిషిని ఆల్టర్ చేస్తారు.

విజయవాడలో సగంలో ఆగిన ఆ జిప్పు నాకప్పుడు గుర్తొచ్చింది. ఇరవై నిమిషాల పని అది. పక్క కుట్టు విప్పి ముక్క వేస్తే సరిపోయేది. అక్కడ ఒక టైలరు ఉండే ఉంటాడు కదా.

ఇంకోటి కూడా నాకు తోచింది. ఆ చట్టాలన్నీ పిల్లని త్రాసు ఎక్కిస్తున్నాయి, డాక్టరు దగ్గరికి పంపిస్తున్నాయి. మంచిదే. కానీ ఆ శాంపిల్‌ని ఎవరు కొలిచారు? మా అమ్మాయిని అడిగితే, 2017లో ఫ్రాన్సులోని రెండు పెద్ద ఫ్యాషన్ గ్రూపులు, ఎల్‌వీఎంహెచ్, కెరింగ్, తమ బ్రాండ్లలో ఆడవాళ్ళ షోలకి ఫ్రెంచి సైజు 32 వాడబోమని రాసుకున్నాయట. అది వాళ్ళ లెక్కలో అన్నిటికన్నా చిన్న సైజుల్లో ఒకటి. నేను విన్నవాటిలో బట్టని తప్పుపట్టింది అదొక్కటే అనిపించింది. ఒక టైలరుగా నాకు అదే సరైన చోట కత్తెర పెట్టటం.

ఇదంతా పారిస్ గొడవ, మనకెందుకు అంటారేమో. ఆర్తీ అగర్వాల్ మనకి పరాయిదా? 2015 జూన్‌లో పోయింది, 31 ఏళ్ళకి, కొవ్వు తీయించుకున్న కొన్ని వారాలకే. ఆ అమ్మాయి లావైందని పేపర్లలో, టీవీల్లో, మా షాపులో కూడా ఎన్ని మాటలు అన్నామో గుర్తుందా? 2025 మార్చిలో కేరళలో, కన్నూరు జిల్లాలో, 18 ఏళ్ళ పిల్ల యూట్యూబ్ చూసి తిండి తగ్గించుకుంటూ పోయి చనిపోయింది. మోడల్ కాదు, మామూలు కాలేజీ పిల్ల. ఇంకోపక్క ప్రభుత్వం 2019-21లో చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తం తక్కువ. అసలే రక్తం లేని దేశంలో తిండి మానెయ్యటం ఫ్యాషనైంది. మా జేజి ఉంటే ఏ బూతు తిట్టేదో నాకు తెలుసు, ఇక్కడ రాయలేను.

2024 జులైలో రొట్టెల పండగకి, బీచిలో పడిపోయిన మా పిల్ల తల్లి స్వర్ణాల చెరువులో నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఆరోగ్య రొట్టె అందుకుంది. ఇంటికి తెచ్చి కూతురికిచ్చింది. పిల్ల రొట్టెని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇందులో నెయ్యి ఎంత వేశారో” అంది. తల్లి నా దగ్గరికొచ్చి ఈ మాట చెప్పి గంటసేపు ఏడ్చింది. ఆ మర్నాటి నుంచే మానసిక డాక్టరు దగ్గరికి తనే తీసుకుపోవటం మొదలుపెట్టింది. అప్పటిదాకా తండ్రే తిప్పేవాడు.

నేనేం చేశానంటే, పెద్దగా ఏం లేదు. మా షాపు ముందు అద్దం వెనకాల బట్టలు తొడిగి చూపించే బొమ్మ ఒకటి ఉంది, చెన్నైలో కొన్నది. ఒకరోజు దాని నడుముకి టేపు పెట్టి చూశాను. 23. సరిగ్గా ఆ పిల్ల పడిపోయేనాటి కొలత. ఇన్నేళ్ళుగా దాని వెనకాల గుడ్డని మడిచి క్లిప్పులు పెట్టి చూపిస్తున్నాం, ముందునుంచి చూస్తే అంతా పర్ఫెక్టు. క్లిప్పులన్నీ పీకేసి, దూది పెట్టి, పాత నేత చీర ముక్కలు చుట్టి కుట్టి, బొమ్మని 32 నడుముకి తెచ్చాను. పొట్ట కూడా కొంచెం పెట్టాను. మా కటింగ్ మాస్టరు దానికి “వదిన” అని పేరు పెట్టాడు. పేజీలో ఫొటోలు ఇప్పుడు వదిన మీదే. లేదంటే సరేనన్న కస్టమర్ల మీద, వాళ్ళకి కుట్టిన బట్టలతోనే. లైకులు తగ్గాయి. ఆర్డర్లు కూడా మొదట్లో తగ్గాయి, అబద్ధం ఎందుకు. తర్వాత వచ్చేవాళ్ళు మారారు. “ఆ ఫొటోలో ఆమె నాలాగే ఉంది, నాకు ఎట్టా ఉంటుందో తెలుస్తా ఉంది” అని కందుకూరు నుంచి ఒకామె ఫోను చేసింది.

కొలతలు అరవటం మానేశాను. నేనే తీస్తాను, నేనే రాసుకుంటాను.

ఆ పిల్ల ఇప్పుడూ వస్తుంది. బాగైపోయిందని చెప్పను. బరువు పెరిగింది, నెలసరి వచ్చింది, మధ్యలో ఒకసారి మళ్ళీ కిందికి జారింది. అంకె చెప్పొద్దని అడిగింది కాబట్టి టేపుని అంకెలు నా వైపు ఉండేట్టు పట్టుకుంటాను. పాత కుర్తీలు విప్పుతున్నాం. పట్టించినప్పుడు లోపలి గుడ్డ కత్తిరించకపోవటం ఒక్కటే నేను చేసిన మంచి పని. పట్టుమీద పాత సూది రంధ్రాలు మాత్రం వరసగా కనపడతాయి. వాటి మీద సన్నటి లేసు వేసిస్తాను, డబ్బులు తీసుకోను.

సరే, పెళ్ళికూతురు దగ్గరికి వస్తాను. ఆ తల్లితో ఆరోజు వాదించలేదు. వాదిస్తే ఇంకో టైలరు దగ్గరికి పోతుంది, అక్కడ 28కే కుడతారు. “అట్టాగే” అని ఆమె ఎదుట 34, 28 రాశాను. వాళ్ళు మెట్లు దిగాక కొట్టేసి 36, 31 రాసుకున్నాను. నాలుగు జాకెట్లూ దానికే కుట్టాను.

పెళ్ళికి మూడురోజుల ముందు ట్రయల్‌కి వచ్చారు. పిల్ల మొహం పీక్కుపోయింది, కళ్ళ కింద నలుపు. భయం భయంగా జాకెట్టు తొడుక్కుంది. హుక్కులు నేనే పెట్టాను. ఎక్కడా బిగుతు లేదు, ఎక్కడా వదులు లేదు.

తల్లి చప్పట్లు కొట్టినంత పని చేసింది. “చూశావా అక్కా! నెలన్నర సొరకాయ జ్యూసు తాగేసరికి ఎట్టా దిగిందో!” అని, వెనక్కి తిరిగి చిన్నదానితో, “రేపట్నించి నువ్వు కూడా మొదలుపెట్టు” అంది.

నా తెలివి నాకే తగిలింది. పెద్దదాన్ని కాపాడానని మురిసిపోతుంటే, నా జాకెట్టే ఆ జ్యూసుకి సర్టిఫికెట్ ఇచ్చేసింది.

టేపు తీసి పెళ్ళికూతురి నడుముకి పెట్టాను. పుస్తకం తెచ్చి కొట్టేసిన అంకెలున్న పేజీ తెరిచి ముగ్గురి ముందూ పెట్టాను. ఆషాఢంలో 31. ఈరోజు టేపు మీద 30¾. తల్లి రెండుసార్లు చూసింది. పెళ్ళికూతురు టేపు వంక చూసి, నా వంక చూసి, ఒక్కసారిగా నవ్వటం మొదలుపెట్టింది. నవ్వుతా నవ్వుతా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “నెలన్నర, అమ్మా,” అంది. “నెలన్నర నాకు ఇడ్లీ కూడా పెట్టలా నువ్వు.”

చిన్నది ఫోను పక్కన పెట్టి, “అక్కా, కింద బండి దగ్గర కారం దోశె తిందామా” అని అడిగింది.

తల్లి ఏమీ అనలేదు. బాకీ డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, జాకెట్లు సంచిలో సర్దుకుని ముందు దిగిపోయింది. చిన్నదాని లంగావోణీ కూడా నాకే ఇస్తానని ఆషాఢంలో అంది. ఇంతవరకూ రాలేదు.